దస్తావేజులో లేని సంతకాలు



ఇల్లు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ వకీలును పెట్టుకోవాలా అన్నది ఈరోజు విషయం. చెప్పేవాడు సివిల్ కోర్టులో తిరిగే వకీలే గనుక, పెట్టుకోండి అనకుండా ఉంటాడా అని మీలో కొందరు ఇప్పటికే నవ్వుకుని ఉంటారు. నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఒక లెక్క చూడండి. కొన్నాక తగాదా పడి మా దగ్గరికి వచ్చే మనిషి వల్ల మాకు ఏళ్ల తరబడి వాయిదాలు. కొనకముందు కాగితాలు చూపించుకునే మనిషి వల్ల పదిపదిహేను రోజుల పని. మా లాభమే చూసుకుంటే, ముందు రాకండి, కొన్నాకే రండి అని చెప్పాలి నేను.

మన వైపు ఒక గట్టి నమ్మకం ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయిందంటే ఇక ఇల్లు మనదే, సర్కారే ముద్ర వేసింది కదా అని. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫోటో దిగుతాం, వేలిముద్రలు వేస్తాం, లక్షల్లో స్టాంపు డ్యూటీ కడతాం. ఇంత జరిగాక అనుమానం ఎందుకొస్తుంది?

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. దాని ప్రకారం సబ్ రిజిస్ట్రార్ చూసేవి కొన్నే. దస్తావేజు రాసిచ్చిన మనిషి ఆ మనిషేనా, సుంకం సరిగ్గా కట్టారా, ఆ స్థలం 22ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఉందా. అంతవరకే. అమ్మినవాడికి అమ్మే హక్కు అసలు ఉందా అన్నది తేల్చడం ఆయన పని కాదు, ఆ అధికారమూ చట్టం ఆయనకు ఇవ్వలేదు. అమ్మేవారు తమ హక్కు రుజువు చూపిస్తేనే రిజిస్టర్ చేస్తామంటూ తమిళనాడులో ఒక నిబంధన పెట్టారు. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. హక్కు ఎవరిదో విచారించడం రిజిస్ట్రార్ పరిధిలోకి రాదని తేల్చి చెప్పింది. అంటే, నాది కాని ఇంటిని నేను మీకు అమ్మితే ఆ దస్తావేజు కూడా రిజిస్టర్ కావచ్చు. నాకు లేని హక్కు మాత్రం మీకు రాదు.

హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి తెస్తామని ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం చేశారు. దాని మీద ఎన్నికల వేళ ఎంత రగడ జరిగిందో, 2024లో అది ఎలా రద్దయిందో మీకు గుర్తుండే ఉంటుంది. మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడు వద్దు. ఈనాటికి ఉన్న పరిస్థితి ఏమిటంటే, కొనేవాడి జాగ్రత్త కొనేవాడిదే.

మరి ఆ జాగ్రత్త మన తరఫున ఎవరు పడుతున్నారు? చాలా ఇళ్లలో ముగ్గురి మీద వదిలేస్తారు. మధ్యవర్తి, దస్తావేజు రాసే ఆయన, బ్యాంకు. ముగ్గురూ పనికొచ్చేవాళ్లే. ముగ్గురిలో ఒక్కరూ మీ మనిషి కాదు.

మధ్యవర్తి సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బేరం కుదిరితేనే ఆయనకు కమీషన్. కుదరకపోతే తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా రాదు. అలాంటి మనిషిని పట్టుకుని "కాగితాలన్నీ క్లియరేనా అన్నా" అని అడిగితే ఆయన ఏమంటాడు?

దస్తావేజు లేఖరులలో మంచి అనుభవజ్ఞులు ఉన్నారు. హద్దులు రాయడంలో, పాత దస్తావేజు చదవడంలో కొత్త వకీళ్లకు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ వాళ్లు చేసేది చెప్పింది చెప్పినట్టు పద్ధతిగా రాయడం. చెప్పనిది తవ్వి తీయడం వాళ్ల బాధ్యత కాదు, దానికి మీరు వాళ్లకు డబ్బూ ఇవ్వడం లేదు.

ఇక బ్యాంకు. చదువుకున్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "బ్యాంకు లోన్ ఇచ్చిందండీ, వాళ్ల ప్యానల్ లాయర్ చూశాడు, ఇంకేం కావాలి?" అంటారు. ఆ లాయర్ ఫీజు మీ జేబులోంచే పోతుంది. ఒపీనియన్ మాత్రం బ్యాంకు పేరిట, బ్యాంకు కోసం రాస్తాడు. చాలామంది అప్పు తీసుకున్నవాళ్లు ఆ కాగితాన్ని కళ్లతో కూడా చూడరు. బ్యాంకుకు కావలసింది తన అప్పు తిరిగి రావడం. ఇంటి మీద తగాదా వచ్చినా మీ జీతం ఉంది, హామీ ఇచ్చినవాడుంటే వాడున్నాడు, నెల తిరిగేసరికి వాయిదా కట్టాల్సింది మీరే. ఇల్లు పోయిందని బ్యాంకు అప్పు మాఫీ చేయదు.

ప్యానల్ లాయర్ బాధ్యత మీద మన హైదరాబాద్‌కే చెందిన ఒక కేసు ఉంది. నారాయణగూడలోని ఒక బ్యాంకు శాఖలో ఇళ్ల రుణాల మోసం బయటపడితే, లీగల్ ఒపీనియన్లు ఇచ్చిన ప్యానల్ లాయర్‌ను కూడా సీబీఐ నిందితుల్లో చేర్చింది. 2012లో సుప్రీంకోర్టు ఆయనపై కేసు నిలవదని చెప్పింది. మోసంలో చేయి కలిపినట్టు ఆధారం ఉండాలి, ఒపీనియన్ సరిగా లేనంత మాత్రాన క్రిమినల్ నేరం కాదు, మహా అయితే వృత్తిపరమైన నిర్లక్ష్యం అవుతుంది అని. న్యాయమైన తీర్పే. ఆ తర్వాత 2024 మేలో ఇంకో తీర్పు వచ్చింది. వకీలు సేవలో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు అని. ఫ్రిజ్ చెడిపోతే వెళ్లగలిగిన చోటుకి, తప్పుడు ఒపీనియన్ మీద వెళ్లలేరన్నమాట. సివిల్ దావా వేసుకోవచ్చు, బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రెండూ దూరపు దారులే. అందుకని వకీలును ఎంచుకునేటప్పుడే కళ్లు తెరుచుకుని ఎంచుకోవాలి.

సరే, మీ డబ్బుతో, మీ తరఫున ఒక వకీలును పెట్టుకున్నారనుకుందాం. ఆయన చేసేదేమిటి? కాగితాల్లో ఉన్న పేర్లు చదవడం ఎవరైనా చేస్తారు. లేని పేర్లు వెతకడం ఆయన పని.

తెనాలిలో ఒక పెంకుటిల్లు అనుకుందాం. తాత కట్టింది. తండ్రి 1996లో పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పెళ్లి 1987లో అయింది, ఆవిడ ఖమ్మంలో ఉంటుంది. తండ్రి పోయిన రెండేళ్లకు పెద్దమనుషుల సమక్షంలో అన్నదమ్ములిద్దరూ తెల్లకాగితం మీద పంపకాల జాబితా రాసుకున్నారు. పొలం పెద్దవాడికి, ఇల్లు చిన్నవాడికి. చిన్నాయన మునిసిపాలిటీలో పన్ను తన పేరు మీదికి మార్పించుకున్నాడు. కరెంటు మీటరు ఆయన పేరే. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తే ఎక్కడా తాకట్టు లేదు, అమ్మకం లేదు. ఇప్పుడాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పైకి చూస్తే ఇంత శుభ్రమైన ఇల్లు ఇంకోటి దొరకదు.

వకీలు ఆ చిన్నాయనను కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న దస్తావేజుల గురించి కాదు. "బాబాయ్, మీరు ఎంతమంది తోడబుట్టినవాళ్లు?" అని. ఆయన "ఇద్దరం అన్నదమ్ములం" అంటాడు. "అక్కచెల్లెళ్లు?" అంటే, "ఒక చెల్లెలుందిలే. దాని పెళ్లి ఎప్పుడో అయిపోయింది. కట్నం కానుకలు ఘనంగానే ఇచ్చాం" అంటాడు. ఆ మాట ఆయన మోసం చేద్దామని అనడు, మనస్ఫూర్తిగా నమ్మే అంటాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా హిందూ వారసత్వ చట్టానికి సవరణ వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి పెళ్లికాని కూతురికి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. మన కథలో ఆవిడ పెళ్లి 1987లో కదా. ఆ రెండేళ్ల తేడాలో వాటా వచ్చి కూర్చుంది. దేశమంతటికీ ఇలాంటి సవరణ రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. అప్పటి నుంచి పెళ్లయిన, కాని అన్న తేడా కూడా పోయింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు మరో మెలిక విప్పింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో కూతురి హక్కుకు సంబంధం లేదని. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాల జోలికి, కోర్టు డిక్రీ ద్వారా జరిగిన పంపకాల జోలికి చట్టం వెళ్లదు. కానీ నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం అంటే కోర్టులు అంత సులువుగా ఒప్పుకోవు. తెల్లకాగితం జాబితా ఏ పక్కకు వస్తుందో మీరే చూసుకోండి.

"ఇది తాత ఆస్తి కాదు, మా నాన్న సొంత సంపాదన" అంటారా? అయినా తప్పించుకోలేరు. వీలునామా రాయకుండా తండ్రి పోతే, ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వెళ్తుందని 1956 నుంచీ చట్టం. పోయినాయన తల్లి అప్పటికి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా. ముసలావిడను ఎవరూ లెక్కలో వేసుకోరు. ఆవిడ పోయాక ఆ వాటా ఆవిడ మిగతా బిడ్డలకూ పాకుతుంది. అంటే మేనత్తలు, చిన్నాన్నలు కూడా వరసలోకి వస్తారు. కట్నం ఇచ్చాం గనుక వాటా లేదన్న వాదన చట్టంలో చెల్లదు. కట్నం ఇవ్వడమే నేరమైన దేశంలో, అది ఇచ్చామని చెప్పుకుని వాటా ఎగ్గొట్టడం ఎలా కుదురుతుంది?

దీనికి తిరగేసిన సంగతి కూడా మన పల్లెల్లో ఉంది. పసుపు కుంకుమ కింద కూతురికి ఇంటి స్థలమో, రెండెకరాలో ఇచ్చి, కాగితం రాయకుండా వదిలేస్తారు. కాగితాల్లో తండ్రి పేరు, అనుభవంలో కూతురు. తండ్రి పోయాక కొడుకులు కాగితాల ప్రకారం అమ్ముతారు. కొన్నవాడు వెళ్లి చూస్తే గేటుకు ఆడపడుచు తాళం ఉంటుంది.

తెనాలి ఇంటికి మందు ఏమిటి? పెద్ద కష్టమైనదేమీ కాదు. ఖమ్మంలో ఉన్న ఆవిడ, పెద్దన్నయ్య ఇద్దరూ వచ్చి అమ్మకం దస్తావేజులో తామూ సంతకం పెడితే సరి. లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకుంటే సరి. ఆవిడ లేకపోతే ఆవిడ భర్త, పిల్లలు రావాలి. చాలా కుటుంబాల్లో అడిగితే వస్తారు, గౌరవంగా పిలిస్తే ఇంకా బాగా వస్తారు. కొనకముందు అడిగితే ఒక సంతకం. కొన్నాక అయితే అది పార్టిషన్ దావా, మీరు అందులో ప్రతివాది. పిలవాల్సిన మనిషి మైనరు అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. మైనరు పేరిట విడిగా ఉన్న ఆస్తిని తల్లిదండ్రులైనా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే, ఆ పిల్లవాడు తనకు పద్దెనిమిది నిండాక మూడేళ్ల లోపు ఆ అమ్మకం చెల్లదని దావా వేయవచ్చు.

చూశారు కదా, ఈసీలో ఆడపడుచుల పేర్లు కనిపించవు.

ఈసీ అంటే మనవాళ్లకు పెద్ద గురి. అది కావలసిందే. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి ఉన్న వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అంతకు వెనక్కి వెళ్లాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. కానీ ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీల గురించే. వీలునామా అందులో ఉండదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఉండదు. కోర్టులో నడుస్తున్న దావా ఉండదు, అద్దెకున్నవాడు ఉండడు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కొన్నిసార్లు ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు. అందుకే సెర్సాయ్ అని కేంద్రం 2011లో పెట్టిన తాకట్టుల రిజిస్టరులో కూడా వెతకాలి. ఇంకొక ముప్పు, ఈసీకి ఇచ్చిన ఇంటి నంబరో సర్వే నంబరో తప్పయితే, ఏమీ లేదని శుభ్రమైన కాగితం వస్తుంది. పాత డోరు నంబరు మారి కొత్తది వచ్చిన పట్నాల్లో ఇది రోజూ జరిగేదే. వకీలు రెండు నంబర్లతోనూ తీయిస్తాడు.

కోర్టు దావా గురించి ఒక మాట. దావా నడుస్తుండగా ఆస్తి కొంటే, రేపు వచ్చే తీర్పు మీకూ వర్తిస్తుంది. నాకు తెలియదండీ అంటే వినేవారు ఉండరు. ఇవాళ కోర్టుల వెబ్‌సైట్లలో పేరు పెట్టి వెతికితే కేసులు కనిపిస్తాయి, కానీ మన పేర్ల సంగతి తెలిసిందే కదా. ఒకే ఊళ్లో వెంకటేశ్వరరావులు ఎంతమంది, ఇంటిపేరు పొడి అక్షరాలు ఎన్ని రకాలు! అది చూడ్డానికి ఓపిక కావాలి.

ఒరిజినల్ దస్తావేజుల విషయంలో మాత్రం మొహమాట పడకండి. "జిరాక్సు చూశారుగా, ఒరిజినల్ రిజిస్ట్రేషన్ రోజున ఇస్తాం" అంటే ఆగండి. ఒరిజినల్ లేదంటే అది ఎక్కడో తాకట్టులో ఉండవచ్చు. నిజంగా పోతే పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, సర్టిఫైడ్ కాపీ ఉండాలి. పేపర్లో వకీళ్లు ఇచ్చే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ఫలానా ఇల్లు మా క్లయింటు కొనబోతున్నారు, అభ్యంతరం ఉన్నవారు ఇన్ని రోజుల్లో తెలపండి అని. ఎవరూ పలకలేదు గనుక అసలు హక్కుదారు హక్కు పోతుందని కాదు. కానీ పలికేవాళ్లు ఉంటే అప్పుడే పలుకుతారు. బయానా ఇచ్చాక వినేకంటే పేపరు ఖర్చుతో వినడం నయం.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనడం ఇంకో కథ. అమ్మకం దస్తావేజు బదులు అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ రాసుకుని ఇల్లు కొన్నాం అనుకునే అలవాటు ఉండేది. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటివాటితో హక్కు బదిలీ కాదని స్పష్టంగా చెప్పేసింది. జీపీఏ పట్టుకుని అసలు యజమాని తరఫున మామూలు అమ్మకం దస్తావేజు రాసివ్వడం మాత్రం తప్పుకాదు. అక్కడ వకీలు చూసేది, జీపీఏ ఇచ్చిన మనిషి ఇవాళ బతికే ఉన్నాడా అని. సాధారణంగా ఇచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా పోతుంది. రద్దు చేశాడా అన్నది కూడా చూడాలి. వీలైతే ఆయనతోనే ఒకసారి ఫోన్లో మాట్లాడాలి.

జీపీఏ అనగానే అమెరికా గుర్తుకొస్తుంది మనకు. న్యూజెర్సీలో ఇల్లు కొనే మన పిల్లలు అక్కడ టైటిల్ ఇన్సూరెన్సు కడతారు. ఏజెంటు రాసిన కాంట్రాక్టు మీద సంతకం పెట్టాక మూడు పనిదినాల లోపు లాయర్ చూసి కాదనడానికి అక్కడ వీలుంది, దాన్నీ వాడుకుంటారు. వాళ్లే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇల్లు కొనాలంటే మామయ్య ఫోన్ మీద బయానా పంపేస్తారు. మామయ్యది మంచి మనసే, ఎవరూ కాదనరు. కానీ ఆయన లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇంటి పాత దస్తావేజులు చదివాడా?

అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే కొనేవారు ఇంకాస్త మెలకువగా ఉండాలి. ఇక్కడివారి దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే ధరలో 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఎన్నారై దగ్గర కొంటే ఆ 1 శాతం లెక్క, ఆ 50 లక్షల గీత రెండూ వర్తించవు. చాలా ఎక్కువ శాతం కోయాలి. కోయకుండా మొత్తం ఇచ్చేస్తే పన్ను శాఖ వాళ్లు అమెరికా వెళ్లి అడగరు, మీ గుమ్మంలోకి వస్తారు. అక్కడి నుంచి పంపిన జీపీఏను ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు చేయించాలి. ఈ గడువు చాలామందికి తెలియదు.

స్థలం నైజం గురించి కూడా చెప్పాలి, త్వరగా చెబుతాను. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమిని, మనవాళ్లు డి పట్టా అనేదాన్ని, 1977 చట్టం ప్రకారం కొనకూడదు. అందులో సడలింపులు వస్తుంటాయి, ఆగుతుంటాయి. ఈవేళ ఎక్కడ ఉందో వకీలునే అడగాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో వన్ ఆఫ్ సెవెంటీ అనే భూబదిలీ నియంత్రణ ఉంది. అక్కడ గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల ఎఫ్‌టీఎల్ అనే నీటి హద్దు, బఫర్ జోన్ సంగతి 2024లో జేసీబీలు వచ్చి ఇళ్లు కూల్చాక అందరికీ కంఠతా వచ్చింది. కూలిన వాటిలో రిజిస్ట్రేషన్ అయిన ఇళ్లు కూడా ఉన్నాయి. తెలంగాణ వైపు పాత సేత్వార్లు, ఖాస్రా పహాణీలు వంటి భూరికార్డులు ఉర్దూలో ఉంటాయి. వాటిని చదవగలిగినవారు లేదా చదివించగలిగినవారు కావాలి. ఫ్లాటు అయితే బిల్డరుకు, స్థలం యజమానికి మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో మీ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో చూడాలి. నిర్మాణంలో ఉన్నదైతే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చిన నంబరు ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి బిల్డరుకు వీల్లేదు. ఇది మీరు ఇవాళే వాడుకోగలిగిన మాట.

ఇప్పుడు అసలు తగాదాలు పుట్టే చోటుకు వద్దాం. అది బయానా. మనవాళ్లు మంచిరోజు చూసి, తాంబూలంలో పెట్టి లక్షో రెండు లక్షలో ఇచ్చి, పాకెట్ డైరీలోంచి చించిన కాగితం మీద "ముట్టినది" అని రాయించుకుంటారు. వారం తర్వాత వకీలు దగ్గరికి వస్తారు. అప్పటికి వకీలు చేయగలిగింది సగానికి తగ్గిపోయి ఉంటుంది. బయానాకు ముందు వస్తే అగ్రిమెంటులో ఏం రాయాలో ఆయన చెబుతాడు. హక్కులో లోపం తేలితే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అద్దెకున్నవారిని ఎవరు ఖాళీ చేయించాలి, పాత పన్ను బకాయి ఎవరిది, ఏయే ఒరిజినల్స్ అప్పగిస్తారు, ఏ తారీఖు లోపు రిజిస్ట్రేషన్. అగ్రిమెంటు అమలు కాకపోతే దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు. గడువు తేదీ రాయని అగ్రిమెంటు మీద, ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయనే వాదనే ఒక కేసంత నడుస్తుంది.

నల్లడబ్బు గురించి రేడియోలో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. 60 లక్షల ఇంటికి 35 లక్షలే చూపిస్తారు, మిగతాది నగదు. రేపు హక్కు పోయి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే, దస్తావేజు 35 అంటుంది. మిగతా 25కి సాక్ష్యం ఏది? అసలు ఇల్లు, స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోవడమే 2015 జూన్ నుంచి నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. వకీలు ఎదురుగా ఈ మాటలు మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుందని కొందరు అసలు వకీలునే పిలవరు.

అమ్మేవారికి వకీలు ఎందుకు, డబ్బు తీసుకోవడమే కదా అనుకోవద్దు. అమ్మేవారి బాధలు వేరు. పది శాతం బయానా ఇచ్చి, మిగతాది ఇదిగో అదిగో అంటూ ఏడాది నాన్చి, ఈలోపు ధర పెరిగితే అగ్రిమెంటు పట్టుకుని కోర్టుకు వెళ్లేవాళ్లున్నారు. దావా పడిందంటే ఆ ఇల్లు ఇంకెవరూ కొనరు. 2018లో చట్టం మారాక, సరైన అగ్రిమెంటు ఉంటే దాన్ని అమలు చేయించడమే కోర్టు అనుసరించాల్సిన పద్ధతి అయింది. అంతకుముందు ఉన్న వెసులుబాటు తగ్గింది. కాబట్టి గడువు దాటితే ఏమవుతుందో అమ్మేవారి వకీలు గట్టిగా రాయాలి. మొత్తం సొమ్ము బ్యాంకులో పడకముందు స్వాధీనం ఇవ్వడం, జీపీఏ రాసివ్వడం, ఒరిజినల్స్ చేతికివ్వడం, ఈ మూడింటిలో ఏదీ చేయవద్దని నేనంటాను. మర్యాద కోసం ఇచ్చేస్తారు మనవాళ్లు.

వకీలును ఎలా ఎంచుకోవాలి? ఇల్లు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కోర్టులో సివిల్ పక్క పనిచేసేవారు కావాలి. మీ బావగారి స్నేహితుడు బెయిళ్లు బాగా తెప్పిస్తాడని దస్తావేజులు ఆయనకు ఇవ్వకండి. అమ్మేవారు చూపించిన వకీలును, మధ్యవర్తి తీసుకొచ్చిన వకీలును మర్యాదగా వద్దనండి. ఫీజు ముందే మాట్లాడుకోండి. బేరం కుదిరినా కుదరకపోయినా అదే ఫీజు అని చెప్పండి. కుదిరితే ఇంత శాతం అని వకీలు అడిగితే ఆయనకూ మధ్యవర్తికీ తేడా లేదు. "కొనవద్దు" అని చెప్పినందుకు కూడా ఫీజు ఇవ్వాలి. నిజానికి ఆ రోజే ఆయన మీ డబ్బు ఎక్కువ కాపాడాడు. 60 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు కడతాం. మధ్యవర్తికి ఇచ్చేది వేరే. వకీలు దగ్గర మాత్రం వెయ్యి రూపాయల కోసం బేరం ఆడతాం.

ఒపీనియన్ నోటితో కాదు, రాసి ఇమ్మనండి. అందులో చివరి పేరా ముందు చదవండి. "పై కాగితాలు సమర్పిస్తే, ఫలానావారు సంతకం పెడితే హక్కు సరైనదే" అని ఉంటుంది అక్కడ. ఆ "పెడితే", "సమర్పిస్తే" తీరేవరకు హక్కు సరైనది కాదనే అర్థం. చాలామంది మొదటి పేజీ చూసి బాగుందనుకుంటారు. ఇంకొకటి, వకీలు కాగితాలు చూస్తాడు గానీ గోడలు చూడడు. హద్దులు మీరే నడిచి చూసుకోవాలి. ఇంట్లో ఎవరున్నారో, ఏ హక్కుతో ఉన్నారో పక్కింటివాళ్లను అడగాలి. పక్కింటివారికి తెలియని తగాదా ఉండదు.

ఫీజు ఇచ్చుకోలేనివారి మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. కేసు పడ్డాకే వెళ్లాలని లేదు, సలహాకు కూడా వెళ్లవచ్చు. పుట్టింటి ఆస్తి కాగితం మీద సంతకం పెట్టమని కబురొచ్చిన ఆడపడుచులు, పెట్టాలా వద్దా అని అడగడానికైనా వెళ్లవచ్చు. ఆ సంతకం ఎంత విలువైనదో ఇందాక చెప్పుకున్నాం.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఇప్పటికే బయానా ఇచ్చేసినవారూ ఉంటారు. కంగారు పడకండి. మిగతా డబ్బు ఇవ్వడం మాత్రం ఆపండి. మీ దగ్గరున్న ప్రతి కాగితం, రసీదు, ఫోన్‌పేలో పంపిన వివరం, వాట్సాప్‌లో జరిగిన మాటలు అన్నీ ఒక కవరులో పెట్టుకుని, రిజిస్ట్రేషన్ తేదీ ఇంకా దూరంగా ఉండగానే వకీలు దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు అమ్మేవారికి ఒక ఫోన్ చేసి, వాళ్ల నాన్నగారికి ఎంతమంది పిల్లలో కనుక్కోండి.